పుష్పమ్మ రొట్టె మీద వేసిన నింద

లింగాల ఊళ్లో పుష్పమ్మ జొన్నరొట్టెకు ఎదురు లేదు. చేత్తో తట్టి పెనం మీద వేస్తే పూరీలాగా పొంగేది. కూలికి పోయే ఆడవాళ్లు మధ్యాహ్నం సద్దిమూటలు విప్పి, ముందు ఆమె మూటలోకే చెయ్యి పెట్టేవాళ్లు. ఆమెకూ కొంచెం గర్వం ఉండేది. ఉండాలి కూడా.

రెండువేల ఆరులో ఆమె అంగిట్లో చిన్న గడ్డ లేచింది. నొప్పి లేదు. మా పాలమూరు వాళ్లం నోట్లో ఏమైనా అయితే ముందు రొట్టె మీదే నింద వేస్తాం, అంచు గుచ్చుకుందని. పుష్పమ్మ కూడా అంతే అనుకుంది. రొట్టె మానేసి, మెత్తటి అన్నం తింటూ ఏడాది గడిపింది. గడ్డ మాత్రం పెరిగింది.

హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చేయించింది. అంగిలి నిండా కంటికి కనపడని ఉమ్మి గ్రంథులుంటాయని, వాటిలోనే క్యాన్సర్ పుట్టిందని చెప్పింది.

"రొట్టె గుచ్చుకొని అయిందా అమ్మా?" అని అడిగింది పుష్పమ్మ.

"రొట్టెకూ దీనికీ సంబంధం లేదమ్మా."

క్యాన్సర్ అన్నప్పుడు ఏడవని మనిషి, ఉత్తపుణ్యానికి ఏడాదిపాటు రొట్టె మానుకున్నందుకు ఏడ్చింది.

ఆపరేషన్ చేసి అంగిలి సగం తీసేశారు. ఆ సందు మూయడానికి పళ్లసెట్టులాంటి ప్లేటు అమర్చారు. అది లేకుంటే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. తర్వాత వారాల తరబడి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. మనిషి బతికింది. కానీ నోట్లో ఉమ్మి ఇంకిపోయింది, రుచి పోయింది. రొట్టె ముక్క ఇసుకలా తగిలేది, గొంతు దిగేది కాదు. పొద్దున్నే వాడలో రొట్టెలు తట్టే చప్పుడు వినపడితే ఆమె ప్రాణం అటే లాగేది.

భర్త వెంకటన్న కూడా ఇంట్లో రొట్టె మానేశాడు. మంచివాడే, కానీ దాచడం చేతకాదు. పక్కింటి శాంతమ్మ దగ్గర తిని, ఒకరోజు మీసానికి పల్లికారం అంటించుకుని వచ్చాడు.

అది చూసిన పుష్పమ్మ పొయ్యి అంటించి, చాలా కాలానికి జొన్నపిండి తీసింది. రొట్టె పొంగింది. పల్లికారం వేసి కంచం ఆయన ముందు పెట్టింది.

"నా ముంగట కూసొని తిను."

ఒక బుక్క తిన్నాడు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"గట్లంటె నాకేం తెలుస్తది? నోట్లె ఎట్లెట్ల అయితున్నదో మొత్తం చెప్పు."

వెంకటన్న మాటల మనిషి కాదు. తలవంచుకుని నెమ్మదిగా చెప్పాడు. "అంచు కరకరమంటున్నది. నడుమ మెత్తగున్నది. నమిలినకొద్ది తియ్యగైతున్నది. గిప్పుడు కారం తగిలింది. నోట్లె నీళ్లూరుతున్నయి."

పుష్పమ్మ కళ్లు మూసుకుంది. "ఆఁ, గట్లనే ఉంటది," అంటూ ఆయనతోపాటు గుటక వేయబోయింది. నోరు ఎండిపోయి ఉంది.

"ఇంకో బుక్క తిను," అంది.