భీమిలి అవతల చేతులతో మాట్లాడే ఊరు

క్రిస్మస్ సెలవులయ్యాక బడికి వెళ్ళనని మా గ్రేసీ తేల్చేసింది. గ్రేసీ నా కూతురు, పదకొండేళ్ళు, పుట్టుకతో చెవుడు. బడిలో ఎవరో దాని సైగలు అనుకరించి అందరినీ నవ్వించారట. అప్పటినుంచి గడప దాటితే చాలు, చేతులు జేబుల్లో దాచేసుకుంటోంది. బతిమాలాను, అరిచాను కూడా. చెవిటి పిల్ల మీద అరిచిన నా తెలివికి మీరే ఓ దండం పెట్టండి. ఆ రోజుల్లోనే మా వీధిలో చేపలమ్మే ఆవిడ ఒక మాట చెప్పింది. భీమిలి అవతల ఒక పల్లెలో, చెవులు వినబడేవాళ్ళూ వినబడనివాళ్ళూ అందరూ చేతులతో మాట్లాడుకుంటారట. సోమవారం బడి తెరుస్తారనగా శనివారం పిల్లని లాక్కుని బయల్దేరాను.

పెందుర్తిలో ఏడింటికి సిటీ బస్సు ఎక్కి, గోపాలపట్నం మీదుగా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి, బీచ్ రోడ్డున వెళ్ళే భీమిలి బస్సు పట్టుకున్నాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. సముద్రం కుడివైపు వస్తుంది, కిటికీ సీటు అటే చూసుకోండి. భీమిలిలో ఇడ్లీ తినేసరికి తొమ్మిదిన్నర దాటింది. అక్కడినుంచి ఆటో, రానూపోనూ మూడు వందల యాభైకి ఒప్పుకున్నాడు.

"ఆ ఊరికేటమ్మా? సుట్టాలున్నారేటి?" అన్నాడు డ్రైవరు.

"లేరు బాబూ, ఊరికే చూడ్డానికి."

"సూడ్డానికి ఆళ్ళేటి, బొమ్మలేటి?" అని గుర్రుమన్నాడు. అంతలో అద్దంలో గ్రేసీని గమనించాడు. ఒక చేయి హ్యాండిల్ మీంచి తీసి ఏదో సైగ చేశాడు. "పాప కోసమని సెప్పొచ్చు గదా! రోజూ ఆళ్ళనే ఎక్కించుకుంటన్నాను, నాకూ కొంచెం వచ్చీసింది." గ్రేసీ చేతులు బయటికి రాలేదు గానీ, కళ్ళు మాత్రం అతని చేతిమీదే ఉండిపోయాయి.

ఊరి పేరు రాయొద్దని ఆ ఊరివాళ్ళే అడిగారు, రాయను. భోజనం కావాలన్నా, చేపలు కొనాలన్నా భీమిలి ఆటోవాళ్ళే తీసుకెళ్తారు. మేం నూకాలమ్మ ఇంటికి వెళ్ళాం. మా చేపలావిడకి దూరపు బంధువు. ఆమెకి చెవులు వినబడతాయి, భర్త పోలయ్యకి వినబడవు. వంజరం చేపల పులుసు కలుపుతూ లోపలికి రమ్మంది. నేను గొంతు తగ్గించి, "మా పాప పుట్టుకతోనే ఇంతండి, పాపం..." అన్నాను.

నూకాలమ్మ గరిటె కింద పెట్టేసింది. నోటితో, రెండు చేతులతో ఒకేసారి మొదలెట్టింది. "ఓలమ్మా! పిల్ల ఎదరే పిల్ల గురించి గుసగుసలేటి? నీ సేతులకేటయింది? మా ఊళ్ళో ఇనపడనోళ్ళు ఒక్కరున్నా సరే, ఇనపడే ఇద్దరు మాటాడుకున్నా సేతులాడాల. నేకపోతే ఆళ్ళ మీద ఏదో అనుకుంటన్నట్టే గదా!"

నా ముఖం మాడిపోయింది. గ్రేసీ మాత్రం నోరు తెరుచుకుని చూసింది. చేతులు ఆడించలేదని వాళ్ళమ్మ తిట్లు తినడం అది పుట్టాక ఇదే మొదటిసారి! కిసుక్కున నవ్వింది.

ఇంతలో పోలయ్య వేట నుంచి వచ్చాడు. గ్రేసీ బడి సైగలకీ అతని సైగలకీ కాసేపు కుదరలేదు. అమ్మ అనడానికి మేం ముక్కుపుడక చూపిస్తాం, వాళ్ళు నెత్తిన చేపల గంప ఎత్తుకున్నట్టు చూపిస్తారు. అది చూశాక గ్రేసీ ఆగలేకపోయింది. జేబుల్లోంచి చేతులు తీసి నెత్తిన గంప పెట్టుకుంది, నా వైపు చూపించింది. ఇక చూడాలి వాళ్ళ కబుర్లు!

ఆ ఊళ్ళో మేనరికాల వల్ల తరతరాలుగా చెవుడు రక్తంలో వస్తోందని డాక్టర్లు చెప్పారట. మాకూ మా డాక్టరు అదే చెప్పారు, నేను వారం రోజులు ఏడ్చాను. పోలయ్య మాత్రం ఛాతీ విరుచుకుని ఏదో చెప్పాడు. నూకాలమ్మ నవ్వుతూ నాకు అందించింది. "బోటు ఇంజిను స్టార్టు సేత్తే అందరూ సెవిటోళ్ళే అంటన్నాడు. పక్క బోటోళ్ళు గొంతులు సించుకుంటారు. మావోళ్ళు సెయ్యెత్తితే సాలు, ఎంత దూరమైనా మాట ఎలిపోతాది."

పులుసన్నం, నెత్తళ్ళనే చిన్న చేపల వేపుడు తిని, ఇద్దరికీ కలిపి మూడు వందలిచ్చి, రెండింటికి బయల్దేరాం. ఎండు నెత్తళ్ళ సంచి ఒకటి, పళ్ళ సంచి ఒకటి నా చేతుల్లో పెట్టింది నూకాలమ్మ.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. గ్రేసీకి ముందు సీటు దొరికింది, నేను వెనకెక్కడో నిలబడ్డాను. ఫోన్లు, హారన్లు, కండక్టరు కేకలు. అంతమంది మధ్యలో నా కూతురు సీట్లోంచి లేచి, రెండు చేతులూ తలలపైకి ఎత్తి అడిగింది: సోమవారం బడికి నా బాక్సులో నెత్తళ్ళు పెడతావా? బస్సంతా దాన్నే చూస్తోంది. చూస్తే చూడనీ! అది నా కూతురని అందరికీ చెప్పాలనిపించింది. పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్ళో రెండు సంచులూ పడేసి, నా చేతులు ఎంత పైకి లేస్తే అంత పైకి ఎత్తి, పెడతానని చెప్పాను.

మీరూ వెళ్తే ఒక్క సలహా. చేతిసంచులు వద్దు, భుజానికి తగిలించుకునేది తీసుకెళ్ళండి. అక్కడ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.