బందు రోజున ఒక్క పలక

మా చిన్నప్పుడు... జగిత్యాల పాత బజారులో దుకాణాలకు షట్టర్లు లేవు. గడపలో ఉన్న గాడిలో చెక్క పలకలు ఒక్కొక్కటే నిలబెట్టి మూసేవాళ్లు. వరుస తప్పకుండా ప్రతి పలకకూ ఒక అంకె. మా నాన్న బట్టల దుకాణానికి పదకొండు పలకలు.

అరవై తొమ్మిది... తెలంగాణ కోసం కొట్లాడుతున్న రోజులు. ఆ రోజు బందు. వీధి మలుపులో కాలేజీ పిల్లలు కాపలా ఉన్నారు. నాన్న, పిల్లల్లో పెద్దదాన్నైన నేను మూసిన దుకాణం లోపలే ఉన్నాం.

బయట లచ్చవ్వ గొంతు వినిపించింది. కూలి చేసుకునే మనిషి. బస్సులు లేక మల్యాల నుంచి నడిచి వచ్చింది. తెల్లవారితే కూతురి పెళ్లి... పెళ్లిచీర ఇంకా కొనలేదు.

"సావుకారీ, జర తలుపు తియ్యరాదు!"

నాన్న కదల్లేదు. తీస్తే రాళ్లు పడతాయని భయం. అంతలో కాలేజీ పిల్లలు ఆమె చుట్టూ చేరడం పలకల మధ్య చీలికల్లోంచి కనిపించింది.

"తెలంగాణ అచ్చినంక చేద్దువు తియ్యి అవ్వా పెండ్లి!" అన్నాడు ఒకడు.

"గప్పటిదాంక ఆగితె నా బిడ్డ ముసల్దైతది కొడుకా. గప్పుడు నువ్వు చేసుకుంటవా?"

అందరూ గొల్లుమన్నారు. నవ్వులాటకు అన్న ఆ మాట ఎంత నిజమో అప్పుడెవరికి తెలుసు...

లచ్చవ్వ మాత్రం నవ్వలేదు. "తెలంగాణ రావాలె బిడ్డా, నేను గూడ జై అంట. గని పొద్దుగాల నా పిల్ల ఏం కట్టుకొని పీటల మీద కూసోవాలె?"

ఇందాక ఆటపట్టించిన పిల్లవాడు దుకాణం వైపు తిరిగాడు.

"సావుకారీ, ఒక్క పలక తియ్యి. ఒక్కటే!" అన్నాడు. అందరూ దుకాణానికి వీపు పెట్టి, వీధికి అడ్డంగా నిలబడ్డారు.

నాన్న నడిమి పలక లాగాడు. లోపలి చీకట్లో నేను కందిలి దీపం పట్టుకున్నాను. సిరిసిల్ల చీరల అంచులు ఒక్కొక్కటే ఆ సందులోంచి చూపించాడు. లచ్చవ్వ వేళ్లతో తడిమి చూసింది.

"ఆకుపచ్చది మంచిగున్నదే అవ్వా!" మెడ తిప్పి చూశాడొకడు.

"గది నీ పెండ్లానికి కొను. నాకు ఎర్రది గావాలె."

ఎర్రచీర సందు దాటింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, చంకన పెట్టుకుని మల్యాల దారి పట్టింది. నాన్న పలక మళ్లీ వేసేశాడు.

ఆ పెళ్లికూతురిని నేను చూడలేదు. అయినా ఎక్కడున్నా చల్లగా ఉండాలని దండం పెట్టుకుంటాను...

ఇప్పుడు ఆ వీధి నిండా ఇనుప షట్టర్లు, అద్దాల తలుపులు. మూస్తే మూసినట్టే... లోపల ఉన్న మనిషికి బయటి గొంతు కూడా వినపడదు.

మూసిన దుకాణం మీ కోసం ఎవరైనా తెరిచారా? తెరిచి ఉంటే చెప్పండి... వినాలని ఉంది.