ఆ చెత్త పుస్తకాలే నన్ను మళ్ళీ చదివించాయి

ఢిల్లీ సాకేత్‌లోని మా ఆఫీసుకు వెళ్ళడానికి ఫరీదాబాద్ బస్టాపులో నిలబడి ఉన్నాను. మెట్రో ఇంకా మా వైపు రాని రోజులవి. దూరంగా నా బస్సు కనిపించింది. దాని పక్కనే అచ్చం అలాంటిదే ఇంకొకటి. రెండిటి మీదా ఒకటే నంబరు. చెయ్యెత్తి ముందుకు నడిచాను. కడ్డీ పట్టుకోబోతే చేతికి గాలి తగిలింది. నేను ఎక్కబోయింది లేని బస్సు. కింద పడ్డ నన్ను ఎవరో లేపి, "భాయ్‌సాబ్, పొద్దున్నే తాగారా?" అన్నారు.

అప్పటికే కొన్ని వారాలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం, తల పగిలిపోయే నొప్పి. మా కాలనీ డాక్టరు మొదట వైరల్ అన్నాడు, తరువాత టైఫాయిడ్ అన్నాడు. నేను మాత్రలు మింగుతూ ఉద్యోగానికి పోతూనే ఉన్నాను.

నా పేరు సుధీర్. మాది ఏలూరు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. నాతో ఉండే కిరణ్ ఢిల్లీలోనే, సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. మనం తెలుగులో అడిగితే సగం హిందీలో జవాబు చెబుతాడు. ఇంటి ఓనరు లెక్కలో మేం రూమ్మేట్లం. నిజానికి మేమిద్దరం కలిసి బతుకుతున్నాం. అప్పట్లో దాన్ని నేరమనే చట్టం ఉండేది. అందుకని ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా వస్తే చూడ్డానికి ఇంట్లో రెండు మంచాలు వేసి ఉంచేవాళ్ళం.

బస్టాపులో పడ్డ రోజే కిరణ్ నన్ను ఒక పెద్ద ప్రైవేట్ హాస్పిటల్‌లో చేర్పించాడు. సీనియర్ ఫిజీషియన్ వచ్చి నా కళ్ళలోకి టార్చి వేసి చూశాడు. "మ్యారీడ్?" అన్నాడు.

"కాలేదు."

"ఈ వయసొచ్చినా ఎందుకు చేసుకోలేదు?"

ఆయన కిరణ్ వైపు తిరిగాడు. "ఇతనెవరు?"

"ఫ్రెండ్, సర్."

"ఎలాంటి ఫ్రెండ్?"

ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందని వచ్చిన పేషెంటుని అడగాల్సిన ప్రశ్న ఇదేనా? ఇప్పటికీ ఆ గొంతు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

సీటీ తీశారు, ఎమ్మారై తీశారు. లంబార్ పంక్చర్ చేసి వెన్నులోంచి నీరు తీశారు. ఆ నీటి రిపోర్టు వచ్చాక ఆయన, "టీబీ మెనింజైటిస్‌లా ఉంది, మెదడు పొరలకి పట్టింది. కానీ ఇంకో రిపోర్టు రానీ, తరువాత చూద్దాం" అన్నాడు. ఆ ఇంకో రిపోర్టు హెచ్‌ఐవీదని నాకెవరూ చెప్పలేదు. నెగెటివ్ వచ్చింది. ఆ సంగతీ చెప్పలేదు. "విండో పీరియడ్ ఉంటుంది, రిపీట్ పంపండి" అని నా మంచం పక్కనే జూనియర్‌కి చెబుతుంటే విన్నాను. అంటే సోకిన కొత్తలో టెస్టులో తేలదని. టీబీ మందులు అందాకా ఆగాయి.

టీబీ ఉన్నవాళ్ళకి ఆ టెస్టు చెయ్యడం మామూలేనని నాకు తరువాత తెలిసింది. చెయ్యడం తప్పని నేను అనడం లేదు. నన్ను అడగాలి. ఫలితం నాకు చెప్పాలి. ఆ డాక్టరు మాత్రం, ఏలూరు నుంచి పరుగున వచ్చిన మా అన్నయ్యని వరండాలోకి పిలిచి చెప్పాడు. టెస్టు సంగతి, కిరణ్ సంగతి, తన ఊహలు, అన్నీ కలిపి చెప్పాడు.

అన్నయ్య బ్యాంకులో ఆఫీసరు. నన్ను ఇంజనీరింగ్ చదివించింది ఆయనే. లోపలికి వచ్చి నా మొహం చూడకుండా కిరణ్‌తో, "నువ్వు ఇంక రానక్కర్లేదు. ఇక్కడ రక్తసంబంధీకులు చాలు" అన్నాడు.

"అన్నయ్యా, మందుల టైం నాకే తెలుసు..." అన్నాడు కిరణ్.

"నన్ను అన్నయ్యా అనకు."

మర్నాటి నుంచి గేటు దగ్గర కిరణ్‌ని ఆపేశారు. అటెండెంట్ పాస్ అన్నయ్య చేతిలో ఉంది.

అప్పుడే ఒక న్యూరాలజిస్టు వచ్చింది. చిన్న వయసామె. కేస్ షీట్ తిరగేసి, "ఇంతవరకూ టీబీ మందులు ఎందుకు మొదలుపెట్టలేదు?" అని అడిగింది. నాలుగు టీబీ మందులూ స్టెరాయిడ్లూ ఆ పూటే మొదలయ్యాయి. నాతో, "సిక్స్త్ నర్వ్ పాల్సీ. కంటిని పక్కకి తిప్పే నరం దెబ్బతింది. రికవర్ కావచ్చు. కావచ్చు అంటున్నాను, తప్పకుండా అవుతుంది అనడం లేదు" అంది. అంత నిజాయితీగా నాతో మాట్లాడిన మొదటి డాక్టరు ఆమే. మందులు ముందే పడి ఉంటే కంటి సంగతి ఇంతవరకూ వచ్చేది కాదేమోనని అడిగాను. "చెప్పలేం" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఎడమ కంటికి ప్యాచ్ వేశారు. మూసినా అక్షరాలు నిలిచేవి కావు. వాక్యం మొదలుపెడితే చివరికి చేరేలోపు తల తిరిగేది. అన్నయ్య విజయం సాధించడమెలా, మనసుని అదుపులో పెట్టుకోవడమెలా అనే పుస్తకాలు తెచ్చి పొద్దున్నా సాయంత్రమూ చదివి వినిపించేవాడు. ఆఫీసు వాళ్ళు వచ్చి ఇంకో రెండు అలాంటివే పెట్టి వెళ్ళారు. జబ్బుపడ్డవాణ్ణి చూస్తే అందరికీ పాఠం చెప్పాలనిపిస్తుంది. ఎందుకో నాకు తెలియదు.

కిరణ్ ఒక నర్సు చేతికి ఒక సంచీ ఇచ్చి పంపాడు. దర్యాగంజ్ ఆదివారం బజారులో ఏరుకొచ్చిన పాత పుస్తకాలు. ఒకటి విదేశీ పాప్ గాయకుడి ఆత్మకథ. ఇంకొకటి హిందీ సినిమాల్లో డాన్సులు చేసి రిటైరైన ఒకావిడది. అట్టల మీద తళుకుల కోట్లు, ఈకల టోపీలు.

అన్నయ్య గాయకుడి పుస్తకం తెరిచాడు. అతను తన మగ స్నేహితుడితో దిగిన ఫొటో కనిపించినట్టుంది. "ఈ చెత్త చదివే నువ్విలా తయారయ్యావు" అన్నాడు. తరువాత డస్ట్‌బిన్ మూత పడ్డ చప్పుడు వినిపించింది.

నిజం చెప్పాలంటే ఆ పుస్తకాలు నేనసలు చదవనే లేదు. ఇంటర్లో చేరాక మార్కుల కోసం చదివాను, ఉద్యోగం వచ్చాక జీతం కోసం చదివాను. సరదాకి పుస్తకం పట్టింది ఎప్పుడో గుర్తులేదు. చదవని పుస్తకాల కోసం నాకంత కోపం రావడం నాకే వింతగా అనిపించింది.

"అన్నయ్యా, అవి బయటికి తియ్యి" అన్నాను.

"రెస్ట్ తీసుకోరా."

"తియ్యి. తరువాత పాస్ కిరణ్‌కిచ్చి నువ్వు ఊరెళ్ళు."

"నేను నీ అన్నయ్యని. వాడెవడు?"

"వాడు నా మనిషి."

జీవితంలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. పక్క మంచం వాళ్ళు కూడా విన్నారు. అన్నయ్య చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తరువాత పుస్తకాలు తీసి, రుమాలుతో తుడిచి, బల్ల మీద పెట్టాడు. పాస్ కూడా వాటి పక్కనే పెట్టాడు. వెళ్ళిపోయాడు.

డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక ఒళ్ళంతా పచ్చబడింది. మందుల వల్ల హెపటైటిస్. అన్నీ ఆపి, లివర్ కుదుటపడ్డాక ఒక్కొక్కటీ మళ్ళీ మొదలుపెట్టారు. అన్నం వాసనకే వాంతి వచ్చేది. ఆ రోజుల్లో కిరణ్ ఆఫీసు నుంచి వచ్చి టీ పెట్టుకుని నాకు చదివి వినిపించేవాడు.

డాన్సర్ గారు పగ మరిచే మనిషి కాదు. తన గాజుల సెట్టు ఎవరు కొట్టేశారో, ఏ హీరో విగ్గు ఏ పాట మధ్యలో ఊడిందో, పేర్లు చెప్పకుండానే మనం పోల్చుకునేలా రాసింది. ఆవిడ పాటలంటే కిరణ్‌కీ వాడి స్నేహితులకీ ప్రాణమట. ఇళ్ళల్లో తలుపులు వేసుకుని ఆ స్టెప్పులన్నీ వేసేవాళ్ళట. "దేఖో, ఇలా" అని గది మధ్యలో వేసి చూపించాడు. డొక్క నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఇన్నేళ్ళుగా నా పక్కనున్న మనిషికి ఇంత పెద్ద లోకం ఉందని నాకు తెలియదు.

గాయకుడి కథ వేరు. ఊరూరా కచేరీలకి వెళ్ళినప్పుడు హోటల్లో రెండు గదులు తీసుకునేవాడట. పనివాళ్ళకి అనుమానం రాకుండా, ఎవరూ పడుకోని రెండో గదిలోని పక్కని పొద్దున్నే చిందరవందర చేసేవాడట. కిరణ్ చదవడం ఆపి మా రెండో మంచం వైపు చూశాడు.

గాయకుడు వాళ్ళమ్మకి నిజం చెప్పబోయే చోట అధ్యాయం ఆపి, "బాకీ కల్, యార్. మిగతాది రేపు" అని కిరణ్ లేచిపోయాడు. మర్నాడు వాడు ఆఫీసుకెళ్ళాక సాయంత్రం దాకా ఆగడం నా వల్ల కాలేదు. ప్యాచ్ పెట్టుకుని, ఒక అట్టముక్కలో ఒక్క వరుస మాత్రమే కనిపించేంత కంత కోసి, దాన్ని కిందికి జరుపుకుంటూ చదివాను. కంట్లోంచి నీళ్ళు కారాయి. మధ్యలో రెండుసార్లు పడుకున్నాను. ఒక పేజీ అయింది. ఆ తల్లి, "నాకెప్పుడో తెలుసు, భోజనానికి రా" అంది. సాయంత్రం కిరణ్ వచ్చి పుస్తకం తియ్యబోతే, "అక్కడ కాదు, తరువాతి పేజీ నుంచి" అన్నాను. వాడు నమ్మలేదు. పేజీలో ఏముందో అప్పజెప్పాను. వాడు కూర్చుని ఏడ్చాడు.

టీబీ నయమైంది. కన్ను చాలావరకూ కుదిరింది, అలసిపోతే మాత్రం ఇప్పటికీ ఒకటి రెండవుతుంది. ఇంట్లో ఒక అలమారా నిండా సినిమావాళ్ళ, పాటలవాళ్ళ ఆత్మకథలున్నాయి. అన్నయ్య పండక్కి ఫోన్ చేసి ఆరోగ్యం అడుగుతాడు, కిరణ్‌ని అడగడు. ఆ ఫిజీషియన్ మీద కంప్లైంట్ రాశాను. "చికిత్సలో లోపం లేదు" అని జవాబొచ్చింది. నా కోపం చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చునేవారికి ఒక్క మాట. వాళ్ళకి పుస్తకం తీసుకెళ్ళేముందు, ఏం కావాలో వాళ్ళనే అడగండి. వాళ్ళు చెప్పింది మీకు చెత్తగా తోస్తే తోయనివ్వండి. అదే తీసుకెళ్ళండి, ఒక్క పేజీ కూడా వదలకుండా చదివి వినిపించండి.