సర్వీసు పేరు మీద ఒక అగ్రిమెంటు

1964. ఖరగ్‌పూర్‌లో ఒక బెంగాలీ వకీలు దగ్గర నేను టైపిస్టును. తెలుగువాళ్ల ఇళ్ల కాగితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. దాన్ని దించిన కేసు ఇది.

రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు అప్పలస్వామికి రిటైరు కావడానికి ఇంకా ఏడాది ఉంది. ఆ తర్వాత న్యూ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టరు ఖాళీ చేయాలి. అందుకని తన ఊరివాడే అయిన సింహాచలానికి ఖరిదా పేటలో ఉన్న ఇల్లు కొనడానికి అగ్రిమెంటు రాసుకున్నాడు. ఆరు నెలల్లో రిజిస్ట్రేషన్ కావాలి. రైల్వే పాసు చూసి పేరు టైపు చేసింది నేనే.

గడువు వారం ఉందనగా సింహాచలం మా ఆఫీసుకొచ్చాడు. ఖరిదాలో ఇళ్ల ధరలు పెరిగాయి, అతని మనసు మారింది.

“ఆడు అప్పలస్వామి కాడు బాబూ, రాములు. అన్న పేరున ఉద్యోగమొచ్చింది. అన్న జొరమొచ్చి సచ్చిపోనాడు, తమ్ముడొచ్చి సేరిపోనాడు. ఆ కాగితం సింపేయండి. లేదంటే కోర్టుకెళ్లమనండి. బోనెక్కించి పేరేటని అడిగితే ఏటి సెప్తాడో సూద్దాం!”

రాముల్ని పిలిపించి అడిగితే తల దించుకున్నాడు.

“నిజమే బాబూ. ముప్పై ఏళ్లు ఆ సర్వీసు పేరుకే పలికినాను. ఇప్పుడు ఉద్యోగం పోతే ఏటి గతి?”

వకీలు బాబు అంతా విన్నారు. “ఒప్పందం మనిషితో. మారుపేరుతో రాసినా చెల్లుతుంది. కానీ కోర్టుకెళ్తే ఇల్లు దక్కి ఉద్యోగం పోతుంది” అన్నారు. అగ్రిమెంటులో ‘నామినీ’ షరతు ఉంది, అంటే కొనేవాడు ఎవర్ని చూపిస్తే వాళ్ల పేరున అమ్మాలి. భార్య పైడమ్మ పేరున రాయించమన్నారు, అప్పుడు రాములు ఏ పేరుతోనూ కొననక్కర్లేదు. బెదిరించి కాగితం వెనక్కి లాక్కోవడం కూడా నేరమేనని సింహాచలానికి గట్టిగానే చెప్పారు.

చివరి రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో దస్తావేజు చదివి వినిపించాను. ‘అప్పలస్వామి భార్య పైడమ్మ’ అనగానే, వేలిముద్ర వేయబోతున్న ఆమె చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

“సచ్చిపోయిన బావగారికి నన్ను పెళ్లాన్ని సేస్తారేటి? ఇల్లూ వద్దు, ఏటీ వద్దు!”

ఆఫీసు మూయడానికి అరగంట ఉంది. ఆ పూట దాటితే గడువు దాటినట్టే. “ఒక్క ముద్రేనే, ఎయ్యే” అని రాములు బతిమాలుతున్నాడు. సింహాచలం ముసిముసిగా నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు, అలా టైపు చేసిన నా మీదే. పోనీ రాములు భార్య అని రాద్దామా అంటే, ఆ కాగితమే అతని ఉద్యోగం తీసేస్తుంది.

“మొగుడి పేరు లేకపోతే సెల్లదేటి? మా అయ్య పేరు రాయండి” అంది పైడమ్మ.

చెల్లుతుంది! అంత చిన్న సంగతి నాకు తట్టలేదు. వెంటనే కొట్టేసి, ‘పోలయ్య కుమార్తె’ అని రాశాను. ఆ దిద్దుబాటు పక్కన అమ్మేవాడు పొట్టి సంతకం చేయాలి. సింహాచలం కలం ముట్టుకోలేదు. పైడమ్మ వెళ్లి అతని ఎదురుగా నిలబడింది.

“సిమ్మాచలం మావా, మా అయ్య నీకు తెలీడేటి? ఆ పేరు కూడా అబద్ధమంటావేటి?”

వరండాలో అందరూ అటే చూస్తున్నారు. అతను కలం తీసుకుని సంతకం చేశాడు.

కాగితం మీది పేరు వెనక ఎవరి బతుకు తాకట్టులో ఉందో అడిగి తెలుసుకోవాలని నాకు ఆ రోజు బుద్ధి వచ్చింది. తర్వాత ఏ అగ్రిమెంటైనా టైపు చేసే ముందు, “మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేది?” అని అడిగేవాణ్ణి. ఎంతమంది తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి ఇంకో పేరు చెప్పారో!