బ్యాటరీకి ఒక తొడుగు

కిడ్నీలు పాడయ్యాక మా అప్పను వారానికి మూడుసార్లు పాతపట్నం నుంచి శ్రీకాకుళం డయాలసిస్‌కి నా పాత కారులోనే తీసుకెళ్తున్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం. బావ పోయినప్పటి నుంచి ఆమె మా ఇంట్లోనే ఉంటోంది.

కిందటి వేసవిలో ఒకరోజు డయాలసిస్ అయ్యాక ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి తాళం తిప్పాను. కారు ఉలకలేదు. నాలుగు గంటలుగా అది ఎండలోనే ఉంది. అప్ప నీరసంగా కళ్లు తెరిచి, "కంగారు పడకురా, నాకేటీ కాలేదు" అని నాకే ధైర్యం చెప్పింది.

ఆసుపత్రి వాచ్‌మన్ ఫోన్ చేస్తే ఒక మెకానిక్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. కారు జోలికి పోకుండా ముందు అప్ప దగ్గరికెళ్లాడు.

"అమ్మని నీడలో కూకోబెట్టండి బాబూ. బండి సంగతి నాను సూస్తాను."

తర్వాత బానెట్ ఎత్తి, బ్యాటరీ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు.

"దీని సుట్టూ నల్ల తొడుగుండాలి. ఏటయింది?"

రెండేళ్ల కిందట కొత్త బ్యాటరీ వేయించినప్పుడు, మందపాటి గుడ్డలాంటి ఆ తొడుగు మట్టికొట్టుకుపోయిందని నేనే పారేయించాను. సిగ్గుపడుతూనే ఆ మాట చెప్పాను.

"అది సోకుకి పెట్టింది కాదు బాబూ. ఇంజిను సెగ తగలకుండా కాస్తాది. ఆ సెగకే బ్యాటరీ లోపల నీళ్లు ఇగిరిపోతాయి."

తాను తెచ్చిన బ్యాటరీకి వైర్లు కలిపి కారు స్టార్ట్ చేశాడు. ఇల్లు చేరేదాకా ఇంజిన్ ఆపొద్దని, మళ్లీ వచ్చినప్పుడు కొత్త బ్యాటరీకి ఆసుపత్రి దగ్గరే ఉన్న తన షెడ్డుకి రమ్మని చెప్పాడు. మూడోరోజు పొద్దున్న పక్కింటివాళ్లు తోస్తే గానీ కారు కదల్లేదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లి, అప్పను లోపల అప్పగించి, ఆయన షెడ్డుకి వెళ్లాను. తుక్కుకి పోయిన ఓ కారులోంచి తొడుగు తీసి, ఉతికి ఆరబెట్టి ఉంచాడు. కొత్త బ్యాటరీకి దాన్ని చుట్టి బిగిస్తూ, నేను అడక్కుండానే చెప్పాడు.

"మా ఇంటిది కూడా డయాలసిస్‌కి మూడేళ్లు ఇలాగే తిరిగింది బాబూ. దారిలో బండి ఆగిపోతే ఎలాగుంటాదో నాకు తెలుసు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

అప్పటి నుంచి డయాలసిస్ అయ్యేదాకా కారు ఆయన షెడ్డు నీడలోనే ఉంటోంది. ఈ వేసవి కూడా గడిచిపోయింది, ఒక్కరోజూ మొరాయించలేదు. మా పెరట్లో పనస పండినప్పుడు అప్ప తొనలు వలిచి డబ్బాలో పెట్టి ఆయనకు తెస్తుంది. డాక్టర్లు ఆమెను పనస తినొద్దన్నారు. అందుకే ఆయన తింటుంటే కారులోంచే అడుగుతుంది, "తియ్యగున్నాయేటి?" అని. ఆయన నోటి నిండా తొనలతో తలూపుతాడు.