దుప్పటి కింద చల్ల సిగరెట్

కొత్తగా సంపాదనలో పడ్డ ఆ రోజుల్లో మనిషికి దగ్గు కూడా హోదాలాగే కనిపిస్తుంది. టేకులపల్లి దగ్గర తునికాకు కల్లంలో నేనూ, మా అక్క భర్త అయిన బావా గుమాస్తాలం. చుట్టూ ఎండే ఆకు కట్టలు, అందుకని కల్లంలో ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదు. పొద్దంతా బీడీ ఆకు మధ్య ఉండి ఒక్క బీడీ తాగలేని బతుకు (దేవుడు తనకు చేసిన అన్యాయం అదొక్కటే అనేవాడు బావ). ఆ కసంతా ఇంటికొచ్చి సిగరెట్ల మీద తీర్చుకునేవాడు. దగ్గు పట్టుకుంది. మానెయ్యమని అక్క ఏడ్చింది, అన్నం తినకుండా పడుకుంది. బావ మానలేదు గానీ, కొత్తగూడెం నుంచి పుదీనా వాసన వచ్చే చల్ల సిగరెట్లు తెచ్చాడు.

"జలుబైతే పుదీనా పువ్వేసి ఆవిరి పడ్తం గద. గదే ఇందుల ఉంది. ఇది సిగరెట్ గాదు బామ్మర్దీ, దవా," అన్నాడు.

నేను నమ్మాను (డిగ్రీ చదివినవాణ్ణి మరి). ఆదివారం పొద్దున బావ పీట మీద కూర్చుని, నెత్తి మీంచి దుప్పటి కప్పుకుని, లోపల సిగరెట్ ముట్టించాడు. గొంతు మండట్లేదని, పొగ ఎంత లోపలికైనా హాయిగా పోతోందని లోపలి నుంచే చెబుతున్నాడు. నేను నా వంతు కోసం చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. అంతలో నీళ్లు తెస్తున్న అక్కకు పొగలు కక్కే దుప్పటి కనిపించింది. ఆకు కల్లం వాళ్లింట్లో పొగ లేస్తే ఎవరూ ఆగి ఆలోచించరు. బిందె మొత్తం కుమ్మరించింది. బావ తడిసిన తల బయటపెట్టి, దవా పాడుచేసిందని ఆమె మీదే అలిగాడు. ఆ తర్వాత దగ్గు తగ్గినట్టే అనిపించింది, దాంతో రెట్టింపు తాగాడు. నేనూ తాగాను.

ఇన్నేళ్లకు ఇప్పుడు ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ చెప్పింది, మామూలు సిగరెట్టయినా పుదీనాదైనా ఒకే పొగ, ఒకే విషం అని. పుదీనా చల్లదనం మంటను తెలియనివ్వలేదట, అందుకే పొగ ఇంకా లోతుకు పీల్చాడట. పాడైన ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు, ఉన్నదాన్ని కాపాడుకోవాలంతే అంది. బావ మంచం దిగి నాలుగడుగులు వేయలేడు. మూతికి మాస్కు, అందులోంచి తెల్లటి మందు ఆవిరి. అక్క దుప్పటి సర్దుతూ ఎవరి వంకా చూడట్లేదు.

"అసలు ఆవిరి గిప్పుడు పడ్తున్న, సూడు," అన్నాడు బావ మాస్కు కాస్త ఎత్తి. నవ్వబోతే దగ్గొచ్చింది.

నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపొచ్చింది. దుప్పటి పక్కన చేతులు కట్టుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. ఎంత బుద్ధిగా నిలబడ్డాడో పిచ్చివాడు. నా ఛాతీ ఎక్స్‌రే పట్టుకుని వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాను. డాక్టరమ్మ ఇంకా బావ దగ్గరే ఉంది. తర్వాత నా వంతే.