‘స’ పలకని బాకా

విశాఖపట్నంలో ఒక స్టూడియో కుర్రాడు నాకు పాఠం చెప్పబోయాడు. మా బడి పిల్లలతో కొండ పాటలు పాడించి రికార్డు చేయించడానికి వెళ్ళాన్లెండి. “గొంతు శుభ్రంగా రావాలంటే చాలా పని ఉంటుంది మేడమ్! డప్పుని వెనక్కి తొయ్యాలి, గొంతుని ముందుకి తేవాలి, గదిలో ప్రతిధ్వని చంపాలి. ‘స’ అక్షరం మరీ గుచ్చుకుంటే దాన్ని విడిగా తగ్గించాలి” అంటూ ముందున్న మీటలన్నీ చూపించాడు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. “నాయనా, ఇవన్నీ మా అమ్మమ్మ 1926లోనే చేసింది. మీటలతో కాదు, కాళ్ళతో” అన్నాను. కుర్రాడు మర్యాదగా తలూపాడు. నమ్మలేదని మొహం చూస్తేనే తెలిసిపోయింది. జి.మాడుగుల బడిలో ముప్పై ఏళ్ళు పిల్లల మొహాలు చదివినదాన్ని, ఆ మాత్రం తెలీదా! అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మమ్మ పేరు కనక. డుంబ్రిగుడ సంతకు నడిచి వెళ్ళి పొద్దుగూకేలోగా తిరిగి రాగలిగినంత దూరంలో, కొండ వాలు మీద పదిహేను గడపల ఊరు మాది. ఆ పదిహేను గడపల్లోనూ అమ్మమ్మ కోపం రుచి చూడని మనిషి లేడు. చీమ కుడితే చీమను తిట్టడంతో ఆగేది కాదు, చీమను పంపిన పుట్టను కూడా తిట్టేది. కానీ పాట ఎత్తితే మాత్రం, ఎదుటి కొండ మీద కలుపు తీసేవాళ్ళు నడుములెత్తి నిలబడేవాళ్ళు. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. అలా నడుమెత్తి నిలబడిన ముసలివాళ్ళను నేనే అడిగాను.

ఆమె తల్లి సోములమ్మ. చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని, ఊరి పైనున్న రాళ్ళ వాలును ఒంటి చేత్తో చదును చేసి, సామలు పండించిన మనిషి. కలుపు తీస్తూ తనే ఒక పాట కట్టుకుంది.

“సోములమ్మ సేను సూడు, సోలెడు సామలు సల్లినాది.
సెరువు లేదు, సెలమ లేదు, సెమటతోనే పండినాది.”

ఇంతే పాట. ఊరంతా ధింసా ఆడుతూ పాడుకునేవారు. 1926 వానల్లో సోములమ్మకు జ్వరం తగిలింది, మూడో రోజున పోయింది. పాట కూతురికి మిగిలింది.

వానలు వెనకబట్టాక ఊళ్ళోకి ఒక దొర వచ్చాడు. కొండ పాటలు పోగేసే దొర. ఆయన వెంట ఫోనోగ్రాఫు అనే పాటల పెట్టె, దానికి తగిలించే పెద్ద రేకు బాకా, పాట గీసుకునే మైనపు గొట్టాలు కావళ్ళలో వచ్చాయి. బాకా ముందు నిలబడి పాడితే సూది కదిలి మైనం మీద గీత పడుతుంది. అదే గీత మీద మళ్ళీ సూది నడిపితే పాట పలుకుతుంది. శృంగవరపుకోట ఘాటీ ఎక్కేటప్పుడు ఒక కావడి జారి గొట్టాలు చాలావరకు పగిలాయట. మా ఊరి వంతుకు మూడు మిగిలాయి.

దొర మాటలు మాకు, మా మాటలు దొరకు చెప్పడానికి సువార్తరావు అనే గుమస్తా ఉన్నాడు. మైదానపు మిషను బడిలో చదువుకున్నవాడు. మనిషి చెడ్డవాడు కాదు గానీ, అచ్చులో ఉన్నదే తెలుగని అతని నమ్మకం. ఈ పాటలను దొరగారు సముద్రం అవతల భద్రంగా దాచిపెడతారని, నూరేళ్ళ తర్వాత ఎవరైనా వినొచ్చని అతను చెప్పగానే అమ్మమ్మ ముందుకొచ్చి నిలబడింది.

“పంతులు బాబూ, మాయమ్మ పేరు నూరేళ్ళుంటాదేటి ఆ పెట్టెలో?”

“పాట బాగా వస్తే ఉంటుందమ్మా. రాకపోతే లేదు. రేపు పొద్దున్నే మేం వెళ్ళిపోవాలి.”

అదీ సంగతి. మట్టిలో పెట్టి నెలైనా తిరగని తల్లి పేరు. మూడు గొట్టాలు, ఒక్క రోజు. అమ్మమ్మకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

మొదటి గొట్టం మిషనువాళ్ళ బడి పాకలో ఎక్కించారు. ధింసా అంటే ఎలా ఉంటుందో అలాగే అందరూ నిలబడ్డారు. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి పది మంది ఆడవాళ్ళు, అందరి కాళ్ళకూ అందెలు. పక్కన మా తాత మంగ్లు సన్నాయి లాంటి మోరి ఊదుతున్నాడు, బుధు తుడుము వాయిస్తున్నాడు. ఊరు ఊరంతా ఉత్సాహంగా బాకా మీద పడి పాడింది. తర్వాత దొర సూది మార్చి వినిపించాడు. తుడుము దబదబ, అందెల గలగల, మోరి కీచుమనడం తప్ప మనిషి గొంతన్నది ఎక్కడా లేదు.

“ఇదేటిది? నాను పాడినానా, రేకుల మీద వాన పడినాదా?” అంది అమ్మమ్మ.

అప్పుడు చూడాలి ఆవిడ పని. ఎవర్నీ అడగలేదు, ఎవరి మాటా చెవిన పెట్టలేదు. కొండ మీద పంట కాపలాకు కూర్చుని కేకలేసే మనిషికి ఏ కేక ఏ రాతికి కొట్టుకుని తిరిగొస్తుందో తెలియదా? ఇళ్ళల్లోని గొంగళ్ళన్నీ తెప్పించి పాక గోడలకు వేలాడదీయించింది. నేల మీద గడ్డి పరిపించింది. అందరి అందెలూ విప్పించి ఒక చేటలో పోయించింది. ఆడవాళ్ళను నాలుగు అడుగులు వెనక్కి జరిపింది. “బుధూ, నువ్వు బేగి బయటికెల్లి గోడెనకాల కూకో. తుడుము మీద బట్ట కప్పు” అంది. తర్వాత మా తాత వైపు తిరిగి, “ఓ మావా, నువ్వు గోడకేసి తిరిగి ఊదు” అంది.

“పెళ్ళిళ్ళలో ముందు నడిసేవోడ్ని, నన్ను గోడకి ఊదమంతావేటే?” అని తాత మూతి ముడిచాడు.

“పెళ్ళి కాదిది. ఊదు” అంది అమ్మమ్మ. తాత గోడకే ఊదాడు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఊరందరికీ తెలుసు.

రెండో గొట్టం తిరిగింది. ఈసారి గొంతు వచ్చింది! తుడుము ఎక్కడో దూరంగా, మోరి సన్నగా, వాటి మీద అమ్మమ్మ గొంతు స్పష్టంగా వచ్చింది. అందరూ ఆనందంతో అరిచారు. ఆ అరుపు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకంటే బాకా ఇలా పాడుతోంది.

“ఓములమ్మ ఏను ఊడు, ఓలెడు ఆమలు అల్లినాది.”

“ఓములమ్మ ఎవులే?” అని పక్కింటి యర్రమ్మ అమాయకంగా అడిగింది. పిల్లగుంటలు కొందరు కిసుక్కున నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. మొహం ఎర్రబడిపోయింది. అమ్మ పేరు మొదటి అక్షరాన్ని పెట్టె మింగేసింది. నూరేళ్ళు ఉండబోయేది ఎవరో ఓములమ్మ!

సువార్తరావు గొంతు సవరించుకున్నాడు. “తప్పు యంత్రానిది కాదమ్మా, మీ నాలుకది. చేను అనాలి. చూడు, చల్లింది, చెరువు, చెమట అనాలి. మీరు ‘చ’ పలకరు. అందుకే పెట్టె పట్టుకోవడం లేదు. పుస్తకంలో ఉన్నట్టు పాడు. లేదంటే పై ఊరికి వెళ్ళిపోదామని దొరగారికి చెప్తాను.”

“మరి మాయమ్మ పేరేటి సెయ్యాల?” అంది అమ్మమ్మ. “చోములమ్మ అనాలా? సామల్ని చామలనాలా? సెప్పు బాబూ, మీ పుస్తకంలో అలాగున్నాదేటి?”

సోములమ్మ ఏ పుస్తకంలో అయినా సోములమ్మే. ఆ కాలపు బాకాలకు సన్నటి ‘స’ శబ్దం అందేది కాదని నేను తర్వాతెప్పుడో చదివాను. సీమ దొరసాని వచ్చి పాడినా ఆ అక్షరం ఎగిరిపోయేదే. మా నాలుకకు ఏ రోగమూ లేదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.

మిగిలింది ఒక్క గొట్టం. దొర భోంచేసి కునుకు తియ్యడానికి వెళ్ళాడు. అమ్మమ్మ పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగింది. “ఈ బాకా ఊడతాదా?” అని అడిగింది.

“ముట్టుకోకు! దొరగారిది.”

“ఇరగ్గొట్టన్లే. ఊడదియ్యి.”

ఎందుకు తీశాడో సువార్తరావుకే తెలియదట. అమ్మమ్మ ఆ బాకాను రెండు బల్లల మీద పడుకోబెట్టి, సన్నటి కొస దగ్గర యర్రమ్మ చెవి ఆనించింది. తను వెడల్పు మూతి దగ్గర నిలబడి పాట ఎత్తింది. మైనం ఖర్చు లేదు, సూది అరుగుదల లేదు. పెట్టెకు ఏం వినబడుతుందో యర్రమ్మకూ అదే వినబడుతుంది. ఈ ఉపాయం దొరకు తట్టలేదు, చదువుకున్న గుమస్తాకు తట్టలేదు. మా అమ్మమ్మకు తట్టింది.

నాలుగోసారికో అయిదోసారికో యర్రమ్మ తలెత్తింది. “ఒలే కనకా, నువ్వు ఎనక్కెల్లినప్పుడల్లా నీ ‘స’ కూడా ఎనక్కెల్లిపోతందే!”

అప్పుడు దొరికింది గుట్టు. ధింసాలో మాట మొదలు వెనకడుగు మీద పడుతుంది, కొస ముందడుగు మీద పడుతుంది. మా వాళ్ళు కాలు కదపకుండా పాడలేరు. పాడమంటే గొంతు బిగుసుకుపోతుంది. సన్నటి ‘స’ దూరంగా పోయి ఆరిపోతోంది, పెద్ద ‘ఓ’ బాకా దగ్గరకొచ్చి అదిరిపోతోంది. కావలసింది దానికి తలకిందులు. ముందడుగు వేసి, బాకా గొంతులోకి పళ్ళ సందున గాలి వదిలి ‘స’ అనాలి. మిగతా మాటకు వెనకడుగు వెయ్యాలి.

చెప్పడానికి తేలికే. పుట్టి నడక నేర్చిన రోజు నుంచీ వేసిన అడుగు అది. దాన్ని ఒక్క మధ్యాహ్నంలో తిరగెయ్యాలి! అడుగు సరిగ్గా పడితే పాట మరిచిపోయేది. పాట గుర్తుంటే కాలు పాత దారి పట్టేది. రెండుసార్లు తొట్రుపడి బాకా అంచుకు నుదురు కొట్టుకుంది. తన కాళ్ళను తనే నానా తిట్లూ తిట్టింది. పొద్దు వాలుతుంటే ఒకసారి గడ్డి మీద కూలబడి ఏడ్చింది కూడా. “మాయమ్మ పేరు నా కాళ్ళే తొక్కెత్తన్నాయే” అందట. యర్రమ్మ చెయ్యి పట్టి లేపింది. చెవి ఆనించీ ఆనించీ ఆమె చెంప మీద బాకా రేకు గుండ్రంగా అచ్చు పడింది. కాసేపటికి సువార్తరావు తనంతట తనే వచ్చి, “నువ్వు లేమ్మా, నేను వింటాను” అని చెవి పెట్టాడు. “ఇంకొంచెం దగ్గరగా” అని మాత్రం అన్నాడు.

దొర వచ్చాడు. ఆయన మూడో గొట్టం ఎక్కించాడు. అమ్మమ్మ మొదటి వరస తిరగేసిన అడుగు మీదే పాడింది. రెండో వరస ‘సెరువు లేదు’ దగ్గర కాలు వెనక్కి పోబోయింది. ఈసారి పక్కనే నిలబడి వీపు మీద చెయ్యి వేసి ఉన్న యర్రమ్మ ఒక్క నెట్టు నెట్టింది. ‘స’ బాకాలోనే పడింది. ‘పండినాది’ దాకా ఇక తడబాటు లేదు.

సూది మార్చారు. బాకా గరగరమంది. ఆ గరగరలోంచి వచ్చింది.

“సోములమ్మ సేను సూడు...”

ఒక్క అక్షరం పోలేదు. సోలెడు, సామలు, సెలమ, సెమట అన్నీ వచ్చాయి. గోడ వైపు తిరిగి కూర్చున్న మా తాత, ఊదడానికి ఏమీ లేకపోయినా ఇటు తిరగలేదు. ఏడుపు ఎవరికీ కనబడకూడదని. సువార్తరావు ఆ గొట్టం దాచే డబ్బా మూత మీద ముందే ‘చోములమ్మ’ అని రాయలేక ‘కొండ చేను పాట’ అని రాసి ఉంచాడు. ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే దాన్ని కొట్టేసి, కింద ‘సోములమ్మ సేను’ అని రాశాడు. రాసి, పైకి చదివాడు. రెండుచోట్లా ‘స’ గట్టిగా పలికాడు.

“ఇంకోపాలి! ఇంకోపాలి ఎట్టండి!” అని జనం గోల పెట్టారు. దొర కూడా నవ్వుతూ మళ్ళీ సూది మీద చెయ్యి వేశాడు. అందరికన్నా ఎక్కువ వినాలని ఉన్నది అమ్మమ్మకే. ఆ పేరు వినడానికే కదా పొద్దుటి నుంచి ఇంత పడింది! కానీ ఆవిడ సువార్తరావును అడిగింది.

“పంతులు బాబూ, ఇంటే ఆ గీత అరుగుతాదేటి?”

సువార్తరావు అబద్ధం చెప్పలేదు. “విన్నప్పుడల్లా కొంచెం అరుగుతుందమ్మా. ముందు అరిగేది సన్నటి శబ్దమే.”

సన్నటి శబ్దమంటే ‘స’. అమ్మమ్మ ముందుకు వెళ్ళి, దొర అంతటివాడి చెయ్యి పట్టుకుని ఆపేసింది.

“వొద్దు బాబూ, మూసీండి. ఎరగనోళ్ళు ఇనాల దాన్ని. మాకు నోళ్ళున్నాయి. అయ్యి అరగవు.”